చెంచా మొదలు దుర్గం దాకా: నెల్లూరు, ప్రకాశం కథలకు టీవీ సిరీస్ ఎలా ఉండాలి

నెల్లూరు జిల్లా ఉదయగిరిలో చెక్క చెంచాలు చేసే ఇంట్లో ఒక పూట కూర్చుంటే ఆ పని ఎంత నెమ్మదిగా సాగుతుందో తెలుస్తుంది. కోట ఉన్న దుర్గం కొండ అడవి నుంచి వచ్చిన నర్ది, బిక్కి లాంటి కర్రను ముక్కలు కోసి, చెంచా రూపు గీసుకుని, చెక్కి, ఆకురాయితో అరగదీస్తారు. కాడ మీద పువ్వులు, జాలీ పని ఉంటే సన్నటి రంపం లోపలికి దూర్చి ఒక్కో కన్నం తీయాలి. చెక్క పలచబడే కొద్దీ చేతి ఒత్తిడి తగ్గుతూ పోతుంది. ఆఖర్న గరుకు కాగితంతో రుద్ది, బొటనవేలితో అంచంతా తడిమి చూస్తారు. ఎక్కడన్నా పీచు తగిలితే మళ్ళీ రుద్దుడే. నోట్లో పెట్టుకునే వస్తువు, పెదవికి గుచ్చుకోకూడదు.

ఇదే పని టీవీ వార్తల్లో రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. రంపం ఒక షాట్, చెంచాల కుప్ప ఒక షాట్, ఒకామె మైకు ముందు నాలుగు మాటలు. వెనక విషాద సంగీతం, పైన ‘అంతరించిపోతున్న కళ’ అనే మాట. ఆ మాట అబద్ధం కాకపోవచ్చు. కానీ చూసినవాడికి ఆ కర్ర ఎందుకు కావాల్సి వచ్చింది, ఆ కొండకూ ఈ వీధికీ సంబంధం ఏమిటి, చెంచా కాడ మీద ఆ పువ్వు ఎక్కడి నుంచి వచ్చింది అన్నవేవీ తెలియవు. జాలి పుడుతుంది, అంతే. తెలుసుకున్న తృప్తి ఉండదు.

చరిత్ర, మనుషులు, చేతిపనులు, ఊళ్ళు ఈ నాలుగింటినీ కలిపి చెప్పే డాక్యుమెంటరీ సిరీస్ పుట్టింది ఈ లోటు తీర్చడానికే. 1969లో బీబీసీలో కళా చరిత్రకారుడు కెన్నెత్ క్లార్క్ 13 భాగాల ‘సివిలైజేషన్’ వచ్చింది. ఒక మనిషి కెమెరా ముందు నిలబడి, శిల్పం దగ్గరికీ చిత్రం దగ్గరికీ నడిచి వెళ్ళి మాట్లాడటం అనే పద్ధతి దానితో బాగా స్థిరపడింది. 1988లో దూరదర్శన్ శ్యామ్ బెనెగల్ తీసిన ‘భారత్ ఏక్ ఖోజ్’ను 53 భాగాలుగా ప్రసారం చేసింది. హైదరాబాదు గడ్డ మీద పుట్టి పెరిగిన ఆ దర్శకుడు చరిత్రను నటులతో ఆడించి చూపాడు. 1990 నుంచి 2001 దాకా నడిచిన టీవీ కార్యక్రమం ‘సురభి’ది మరో దారి. దేశంలో ఏ మూల ఏ పని జరుగుతుంటే అక్కడికి చిన్న చిన్న ముక్కలుగా వెళ్ళొచ్చేది. దానికి ప్రేక్షకుల నుంచి వారానికి లక్షల్లో పోస్టుకార్డులు వచ్చేవి. పోటీలకు రాసే 15 పైసల కార్డుల వరద తట్టుకోలేక తపాలా శాఖ పోటీల కోసం విడిగా 2 రూపాయల కార్డు తెచ్చింది. కుండ ఎలా చేస్తారు, బొమ్మకు రంగు ఎలా వేస్తారు అనే విషయాల మీద జనానికి ఆసక్తి లేదనే వాళ్ళకు ఆ కార్డుల గుట్టే జవాబు.

ఈ మూడింట్లో నెల్లూరు, ప్రకాశం ప్రాంతానికి ఏది సరిపోతుంది? ఏదీ పూర్తిగా సరిపోదు. ఒక పండితుడు నిలబడి చెబితే ఊరివాళ్ళు వెనక నిలబడే బొమ్మలైపోతారు. నటులతో ఆడిస్తే ఖర్చు తడిసి మోపెడవుతుంది, అట్ట కిరీటాలు చూడలేం. ముక్కలు ముక్కలుగా చూపిస్తే ఒక ముక్కకూ ఇంకో ముక్కకూ ముడి పడదు. ఇక్కడ పనికొచ్చే దారి వేరే ఉంది. వస్తువుతో మొదలుపెట్టాలి. వస్తువు అడిగినప్పుడే చరిత్రలోకి వెళ్ళాలి, అడిగినంత దూరమే వెళ్ళాలి.

ఉదయగిరి చెంచానే తీసుకుందాం. చెంచా అడిగే మొదటి ప్రశ్న కర్ర. కర్ర కోసం కెమెరా దుర్గం ఎక్కుతుంది. ఎక్కితే కోట కనబడుతుంది. కోట కనబడ్డాక అది ఎవరిది అని అడగకుండా ఎవరూ ఉండలేరు. గజపతుల చేతిలో ఉన్న ఈ కోటను శ్రీకృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడించి 1514లో పట్టుకున్నాడు. కోటను కాపాడుతున్న తిరుమల రాహుత్తరాయుడు పట్టుబడ్డాడు. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని రాయలు తన రాజధానికి తీసుకుపోయి, కృష్ణస్వామి గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠించాడు. ఇప్పుడు హంపిలో ఆ గుడి ఉంది, గర్భగుడిలో దేవుడు లేడు. దెబ్బతిన్న ఆ విగ్రహం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. ఉదయగిరి, హంపి, చెన్నై: ఒక్క రాతి బొమ్మ నడిచిన దారి ఇది. దీన్ని ఒక ఎపిసోడ్‌లో మూడు చోట్లా తిరిగి చూపిస్తే, పాఠ్యపుస్తకంలో ఒక వాక్యంగా చదివి మర్చిపోయిన దండయాత్రకు బరువు వస్తుంది.

ఆ కొండ మీదే గోల్కొండ కాలపు మసీదు ఉంది, పారశీక శాసనాలున్నాయి. కింద వీధిలో చెంచాలు చేసే ఇళ్ళలో ఎక్కువ భాగం ముస్లిం కుటుంబాలు, పని చేసేది ఎక్కువగా ఆడవాళ్ళు. కాడ మీది తీగలకూ పైన మసీదు కట్టిన కాలానికీ బంధం కలపాలని ఏ దర్శకుడికైనా మనసు లాగుతుంది. అక్కడే ఆగాలి. ఆ తీగలు ఫలానా నవాబు రోజుల్లో మొదలయ్యాయని రుజువు లేనప్పుడు వ్యాఖ్యానంలో అనకూడదు. ‘మా అత్తగారి దగ్గర నేర్చుకున్నా, ఆమె వాళ్ళ అమ్మ దగ్గర నేర్చుకుంది’ అని పనిచేసే మనిషి చెబితే దాన్ని అలాగే ఉంచాలి. నిజంగా తెలిసింది అక్కడిదాకానే. మూడు తరాల జ్ఞాపకం కూడా చిన్నదేం కాదు. మన సిరీస్‌లు ఎక్కువగా చెడిపోయేది ఈ దగ్గరే. ప్రతి పనినీ వెయ్యేళ్ళ వెనక్కి లాగాలని చూస్తాయి. ఇప్పుడు ఆ పని చేస్తున్న మనిషి మాత్రం ఫ్రేములోంచి జారిపోతుంది.

హద్దుల సంగతి కూడా మాట్లాడుకోవాలి. ‘మన జిల్లా వైభవం’ అనే చట్రంలో సిరీస్ తీస్తే సగం కథ బయటే ఉండిపోతుంది. ప్రకాశం జిల్లా 1970లో ఒంగోలు జిల్లాగా ఏర్పడింది, 1972లో టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. నెల్లూరు నుంచి కొన్ని తాలూకాలు, గుంటూరు నుంచి కొన్ని, కర్నూలు నుంచి కొన్ని తెచ్చి కుట్టిన బొంత అది. కనిగిరి మాట, చీరాల మాట, గిద్దలూరు మాట ఒకలా ఉండకపోవడానికి కారణం అక్కడుంది. 2022లో మళ్ళీ గీతలు మారాయి. చీరాల, మోటుపల్లి బాపట్ల జిల్లాలోకి, వెంకటగిరి తిరుపతి జిల్లాలోకి వెళ్ళాయి. చీర నేసేవాళ్ళకూ, సముద్రానికీ ఈ గీతలతో పనిలేదు. సిరీస్‌కూ ఉండకూడదు.

ఒంగోలు గిత్త కథలో ఈ హద్దుల మెలిక ఒకటి ఉంది. బ్రెజిల్‌లో మాంసం కోసం పెంచే పశువుల్లో అత్యధికం ‘నెలోరే’ జాతివి. నెలోరే అంటే మన నెల్లూరే. ఒంగోలు గిత్తకు అక్కడ నెల్లూరు పేరు ఎందుకొచ్చింది? ఆ పశువులు పందొమ్మిదో శతాబ్దంలో ఓడలెక్కే నాటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉంది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడ్డాక అటు వెళ్ళింది, 1970లో సొంత జిల్లా అయింది. ఇంట్లో పేరు మారింది, సముద్రం అవతల పాత పేరు నిలిచిపోయింది. 1960లలో ఒంగోలు దగ్గర కరవది ఊరి పేరుతో వెళ్ళిన ఒక ఆబోతు సంతతి అక్కడ లక్షల్లో విస్తరించిందని పశువుల పెంపకందార్లు చెప్పుకుంటారు. ఇక్కడేమో ట్రాక్టర్లు వచ్చి దుక్కిటెద్దు పని పోయింది, పాల కోసం గేదె వచ్చింది. గిత్త ఇప్పుడు ఎక్కువగా బండలాగుడు పోటీల్లో కనబడుతుంది. ఈ ఎపిసోడ్‌లో బ్రెజిల్ డ్రోన్ షాట్లు తప్పకుండా పెడతారు, పెట్టనివ్వండి. వాటితో సమానంగా, తెల్లారుజామున గిత్తకు ఉలవలు ఉడకబెట్టి, మూపురం దగ్గర నుంచి తోక దాకా ఒళ్ళు రుద్దే మనిషి చేతులకూ చోటివ్వాలి.

రాతి మీది అక్షరాలను తెర మీదికి తేవడం ఇంకా కష్టం. ఒకప్పటి ఓడరేవు మోటుపల్లిలో వీరభద్రస్వామి గుడి దగ్గరి స్తంభం మీద కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో వేయించిన అభయ శాసనం ఉంది. దాని సారం ఇది: తుఫానుకు చిక్కి, పగిలి, ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ పూర్వపు రాజులు లాగేసుకునేవారు. ప్రాణం కన్నా ధనమే ఎక్కువనుకుని సముద్రం మీద ఇంత తెగింపు చేసినవాళ్ళ మీద దయతో, నియమంగా రావలసిన సుంకం తప్ప మిగతాదంతా మేం వాళ్ళకే వదిలేస్తున్నాం. ఇంత మంచి పాఠం ఉన్న రాయిని మిట్టమధ్యాహ్నం షూట్ చేస్తే బూడిద రంగు బండ తప్ప ఏమీ కనబడదు. ఉదయమో సాయంత్రమో ఎండ పక్కవాటంగా పడాలి. లేదంటే చీకటి పడ్డాక ఒక పక్క నుంచి దీపం పట్టుకోవాలి. అప్పుడు అక్షరాల గాడిలో నీడ నిలుస్తుంది. చదవగలిగినవాడు వేలు పెట్టి ఒక్కో అక్షరం చదువుతుంటే, చదవలేని ప్రేక్షకుడికి కూడా అది రాత అని అర్థమవుతుంది. పక్కనే ఇప్పటి వలల ఊరు, పడవలు, చేపల బేరం ఉన్నాయి. శాసనం చదివిన వెంటనే ఆ ఒడ్డున ఒక పడవ దిగడం చూపిస్తే చాలు, ఇంకేం వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఇక వెంకటగిరి. ఈ రకం సిరీస్‌కు అసలు పరీక్ష మగ్గం దగ్గరే. వెలుగోటి సంస్థానం ఆదరణలో పెరిగిన ఈ నేత సన్నని నూలుకు, నేతలోనే చేత్తో పువ్వులు దూర్చే జమ్‌దానీ పనికి పేరు. గుంట మగ్గం మీద మామూలు నేత ఒక తాళంలో సాగుతుంది. కాలు తొక్కుడు, దారం మోసే నాడె ఇటు నుంచి అటు, పోగును బిగించే పలక దెబ్బ, మళ్ళీ తొక్కుడు. వీధిలో నడుస్తుంటే ఇంటింటికీ ఆ చప్పుడు వినిపిస్తుంది. జమ్‌దానీ పువ్వు వచ్చేచోట ఆ తాళం ఆగుతుంది. పడుగు (నిలువు పోగుల) కింద కాగితం మీద గీసిన డిజైను ఉంటుంది. నేతగాడు దాని మీదికి వంగి, ఎన్ని పోగులు లేపాలో కంటితో లెక్కబెట్టి, చిన్న చిన్న కండెల నుంచి రంగు పోగును చేత్తో దూరుస్తాడు. ఒక వరస అయ్యాక పేక (అడ్డపోగు) వేసి పలక కొడతాడు. మళ్ళీ వేళ్ళు. పువ్వు సగం తేలేసరికి ఎండ గుమ్మం దగ్గర నుంచి మగ్గం మీదికి వచ్చేస్తుంది.

దీన్ని చూపించడానికి ఎడిటర్లు మామూలుగా చేసే పని వేగం పెంచడం. పది గంటల పనిని పది సెకన్లకు కుదిస్తారు, పైన వీణ వేస్తారు. దాంతో ఆ పనిలోని సారమంతా పోతుంది. మామూలు నేతకూ జమ్‌దానీకీ తేడా వినిపించేది చప్పుడులోనే. చప్పుడు ఆగిన చోటే చీర ధర ఉంది. నేతగాడి కూలి, కంటి చూపు, నడుం నొప్పి కూడా అక్కడే ఉన్నాయి. ఆ మౌనాన్ని సంగీతం లేకుండా కనీసం ఒక నిమిషం ఉంచితే, మరమగ్గం చీరకూ దీనికీ ధరలో ఇంత తేడా ఎందుకని మళ్ళీ ఎవరూ అడగరు. ఒక నిమిషం మౌనం అంటే చానెళ్ళకు టెన్షన్, రిమోట్ నొక్కేస్తారని భయం. ఎదురుగా ఏదో తయారవుతుంటే మనిషి కళ్ళు తిప్పుకోడు. కొలిమి దగ్గర, కుమ్మరి సారె దగ్గర పిల్లలు ఎంతసేపు నిలబడిపోతారో ఊళ్ళో పెరిగినవాళ్ళందరికీ తెలుసు.

ఆ ఇంట్లో ఇంకొకరు కూడా ఉంటారు. రాట్నం తిప్పి కండెలు చుట్టే ఆడమనిషి. ఆమె లేకపోతే నాడెలో దారం ఉండదు. చాలా సిరీస్‌లలో ఆమె నేపథ్యంలో కదిలే నీడ మాత్రమే. పేరు వేసేది మగ్గం మీద కూర్చున్నాయనకే. పని వివరించే ఎపిసోడ్ పనినంతా వివరించాలి కదా.

మాట దగ్గరా ఇదే గొడవ. నెల్లూరు పక్క ఒక పెద్దాయన తన సొంత పలుకుబడిలో ‘ఏందబ్బయా’ అంటూ హాయిగా మాట్లాడుతుంటే, ఆ గొంతు సగంలో తగ్గించి పైన స్టూడియో తెలుగు వేస్తారు. పనిముట్ల పేర్లు, చెట్ల పేర్లు, చేపల పేర్లు ఆ పలుకుబడిలోనే ఉన్నాయి. వాటి మీద ఇంకో గొంతు వేస్తే ఆ మాటలు రికార్డు కాకుండానే పోతాయి. ప్రకాశం పడమటి ఊళ్ళ మాట కోస్తా వాళ్ళకు అర్థం కాదనుకుంటే కింద అక్షరాలు వేయొచ్చు, గొంతు మాత్రం ఆయనదే ఉండాలి.

కొన్ని విషయాల్లో తొందర కూడా ఉంది. కోట ఎక్కడికీ పోదు. కంభం చెరువు ఐదు వందల ఏళ్ళుగా గుండ్లకమ్మకు అడ్డంగా ఉంది, 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాల్లో చేరింది, ఇంకో ఏడాది ఆగినా అక్కడే ఉంటుంది. పెన్నా ఒడ్డున 1921లో గాంధీజీ ప్రారంభించిన పల్లిపాడు ఆశ్రమం కూడా అంతే. కానీ నెల్లూరు జిల్లా దూబగుంట కథ అలా కాదు. 1990ల మొదట్లో వయోజన అక్షరాస్యత తరగతుల్లో చదువుకుంటున్న ఆడవాళ్ళు, వాచకంలో సారా మీద రాసిన సీతమ్మ కథ చదివి, ఊళ్ళో సారా కొట్టు మూయించారు. అది నెల్లూరు జిల్లా అంతా పాకింది, రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ పోరాటానికి ముఖంగా నిలిచిన దూబగుంట రోశమ్మ 2016లో చనిపోయారు. అప్పుడు ముప్పై ఏళ్ళున్న వాళ్ళకు ఇప్పుడు అరవై దాటాయి. కొట్టు ముందు ఎవరు ముందు నిలబడ్డారు, కాంట్రాక్టరు మనుషులు వస్తే ఏమన్నారు, ఇంటికెళ్ళాక మొగుడు ఏమన్నాడు, ఆ రాత్రి అన్నం వండారా లేదా, ఈ వివరాలు కాగితాల్లో లేవు. వాళ్ళ నోట్లో ఉన్నాయి. సిరీస్ తీసే బృందం దగ్గర డబ్బు ఒక్క ఎపిసోడ్‌కే ఉంటే, కోటలన్నీ పక్కనపెట్టి ముందు అక్కడికి వెళ్ళాలి. ముగ్గురు నలుగురిని ఒకే అరుగు మీద కూర్చోబెట్టాలి. ఒకరు తప్పు చెబితే ఇంకొకరు ‘కాదు, ఆరోజు నువ్వు లేవు’ అని సరిదిద్దుతారు. ఆ సరిదిద్దుకోవడంలోంచే చరిత్ర బయటికొస్తుంది. ఒక్కొక్కరినీ విడిగా కుర్చీలో కూర్చోబెట్టి దీపాలు పెడితే అది దక్కదు.

తీసిన ఫుటేజీ ఏమవుతుందన్నది ఆఖరి సంగతి, అందరూ పట్టించుకోనిది. అరగంట ఎపిసోడ్ కోసం ఎన్నో గంటలు తీస్తారు. ప్రసారం అయ్యాక మిగతాది హార్డ్ డిస్కులో పడి ఉంటుంది, కొన్నాళ్ళకు చెరిపేస్తారు. దాని విలువ ఏమిటో చందవరం చెబుతుంది. గుండ్లకమ్మ ఒడ్డున, దొనకొండ దగ్గర ఉన్న బౌద్ధ స్తూపం అది. అక్కడి నుంచి దొంగతనంగా దాటిపోయిన మూడో శతాబ్దపు సున్నపురాతి శిల్పం ఒకటి, బుద్ధుడిని కొలుస్తున్న మనుషులు చెక్కినది, 2005లో ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ కొనుక్కుంది. అది చందవరానిదేనని పాత ఫొటోల ఆధారంగా తేలాక 2016లో మన దేశానికి తిరిగిచ్చేశారు. ఎవరో ఎప్పుడో, ఈ రాయి ఇక్కడుంది అని ఒక ఫొటో తీసి పెట్టుకోబట్టి దారి దొరికింది.

అందుకని షూటింగ్ అయిన రోజు సాయంత్రమే, బండి ఎక్కకముందే, ప్రతి షాట్‌కూ ఒక చీటీ రాయాలి. ఊరి పేరు, తేదీ, పని చేస్తున్న మనిషి ఒప్పుకుంటే ఆ మనిషి పేరు, చేతిలో ఉన్న పనిముట్టును ఆ ఇంట్లో ఏమంటారో ఆ మాట. ఆ చీటీతో పాటు ఫుటేజీ మొత్తం ఒక ప్రతి ఆ ఊరి బడికో గ్రంథాలయానికో చేరాలి. ఉదయగిరిలో చెంచా చెక్కిన ఆమె మనవరాలు, ఇరవై ఏళ్ళ తరవాత నానమ్మ రంపం ఎలా పట్టుకునేదో చూడాలనుకుంటే, ఆమె చూడగలగాలి.